కర్షకగృహమున విద్యాతృష్ణ : అబ్రహాము లింకను విద్యార్జన చరిత్రము

1906వ సంవత్సరమున హైదరాబాదు నగరమునందు నెలకొన్న విజ్ఞానచంద్రికా గ్రంథమండలి తెనుగున చరిత్రశాస్త్రాది గ్రంథములను వెలువరింపబూని, తొలుత ప్రకటించినది అబ్రహాము లింకను జీవితచరిత్రము. దానిని రచించినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. తరువాతి కాలమున గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును జీవితమును ధారవోసిన ఆ మహనీయుడు, మొత్తము మీద ఒక సంవత్సరమైనను బడికి పోనోచని అమెరికా కర్షకబాలుని కథను తెనుగువారి కందించుట గమనింపదగిన విషయము.

లింకను బాల్యము పాఠ్యపుస్తకములలో పలుమార్లు చెప్పబడినదే. కొయ్యగుడిసె, పొయ్యి వెలుతురు, ఎరవు తెచ్చిన పుస్తకము, తుదకు దేశాధ్యక్షపదవి అను నాలుగు మెట్లతో ఆ కథ ముగియుచుండును. అట్లు చెప్పుటయందు ఆ గుడిసె చుట్టునుండిన పొలము కథనుండి జారిపోవుచున్నది. ఆ సేద్యము ఎందుకు నిలదొక్కుకొనలేదు? బాలునికిని బడికిని నడుమ అడ్డు నిలిచినదేమి? పెద్దవాడైన పిమ్మట ఆ అడ్డును గూర్చి ఆయన తలచినదేమి, చేసినదేమి? ఈ ప్రశ్నలకు సమాధానము ఆ పొలమునందే వెదకవలసియున్నది.

హద్దులు నిలువని భూములు

లింకను 1809 ఫిబ్రవరి 12వ తేదీన కెంటకీ రాష్ట్రమునందు, నేటి హాడ్జెన్‌విల్ పట్టణమునకు చేరువనున్న సింకింగ్ స్ప్రింగ్ అను పొలమున, ఒంటిగది కొయ్యగుడిసెలో జన్మించెను. తండ్రి తామస్ లింకను సేద్యముతోపాటు వడ్రంగము నెరిగినవాడు. తల్లి నాన్సీ హాంక్సు. సారా అను అక్క ఇతనికంటె రెండేండ్లు పెద్దది. తండ్రి తన పేరును మాత్రము ప్రయాసతో వ్రాయగలిగెడివాడు. తల్లి పత్రములపై సంతకమునకు మారుగ గుర్తు పెట్టెడిది.

1808 డిసెంబరునందు తామస్ 200 డాలర్ల వెలకు కొనిన ఆ పొలము సుమారు 300 ఎకరముల విస్తీర్ణము గలది. కాని అది సారము తక్కువైన రాతినేల. అంతకంటె పెద్ద చిక్కు హక్కుపత్రములది. 1792 వరకు వర్జీనియాలో భాగముగ నుండిన కెంటకీలో, ప్రభుత్వము ముందుగా కొలిపించి హద్దు లేర్పరచి భూముల నమ్ముట లేదు. భూమి కోరినవాడే దానిని కొలిపించుకొని, ఫలాని చెట్టు, ఫలాని బండ, ఫలాని యేటి మలుపు అని ఎల్లలు వ్రాయించుకొనవలసియుండెను. చెట్టు కూలినను, ఏరు త్రోవ మార్చుకొనినను ఎల్ల చెరిగిపోవును. ఒకే నేలపై ఇద్దరు ముగ్గురి హక్కులు ఇంటికప్పుమీది పెంకులవలె ఒకదానిపై నొకటి పడియుండెడివి. న్యాయవాదిని పెట్టుకొనగలవానికే నేల దక్కెడిది. కెంటకీలో తామస్ చేపట్టిన మూడు పొలములును ఏదియో యొక విధమైన హక్కు తగవులో చిక్కుకొన్నవే.

1811లో కుటుంబము పది మైళ్ల దూరముననున్న నాబ్ క్రీకు లోయకు తరలెను. అచ్చటి నేల కొంత మేలైనది. లింకనుకు స్మృతిపథమున నిలిచిన తొలి నివాసమిదియే. అచ్చటి యొక యనుభవమును ఆయన అధ్యక్షుడైన పిమ్మటగూడ తలచుకొనెడివాడు. ఒక శనివారమున తక్కిన బాలురు ఏడెకరముల చేనిలో మొక్కజొన్న విత్తిరి. బాలుడైన లింకను సాలు విడిచి సాలున, కుదురు విడిచి కుదురున, రెండేసి గుమ్మడిగింజలు వేసెను. మరునాడు కొండలపై పెద్దవాన కురిసెను. లోయలో చినుకైనను పడలేదు. కొండనీరు మాత్రము ఉరవడిగా దిగివచ్చి, మన్నును మొక్కజొన్నను గుమ్మడిగింజలను ఒక్కటిగా ఊడ్చుకొనిపోయెను. సేద్యముయొక్క స్వభావమును ఆ బాలునికి బోధించిన తొలిపాఠమిదియే.

నాబ్ క్రీకు పొలముపైనను వ్యాజ్యము పడెను. 1816లో తామస్ కెంటకీని విడిచెను. ఆ రాష్ట్రమున బానిసత్వముండుట కొంత కారణమనియు, భూమిహక్కుల చిక్కు ముఖ్యకారణమనియు లింకను 1860లో వ్రాసిన స్వీయచరిత్రయందు తెలిపెను. అక్షరబలము లేని కర్షకుడు దస్తావేజుల యెదుట ఎంత నిస్సహాయుడో ఏడేండ్ల ప్రాయముననే అతడు చూచెను.

అరణ్యము, గొడ్డలి, బడి

1816 చివర కుటుంబము ఒహాయో నదిని దాటి ఇండియానాలో లిటిల్ పిజియన్ క్రీకు ప్రాంతము చేరెను. అచ్చట ప్రభుత్వమే భూములను చతురస్రములుగ కొలిపించి అమ్ముచుండుటచే హక్కు నిశ్చయము. కాని ధనమేది? ఎకరమునకు రెండు డాలర్ల చొప్పున 1817లో 160 ఎకరములకు పేరు వ్రాయించుకొనిన తామస్, పదియేండ్లు శ్రమించియు పూర్తి వెల తీర్పలేక, 1827లో సగము విడిచి 80 ఎకరములు మాత్రము దక్కించుకొనెను.

ఆ నేల దట్టమైన అడవి. చెట్టు కొట్టనిదే చేను లేదు. ఎనిమిదేండ్ల వాడగు లింకను చేతికి తండ్రి గొడ్డలి నిచ్చెను. నాటినుండి ఇరువదిమూడవ యేటివరకు, దున్నకము కోతల దినములలో తప్ప, అది ఆయన చేతిని విడిచినది లేదు. 1818 అక్టోబరు 5న తల్లి మరణించెను. విషపు మొక్కను మేసిన ఆవుల పాలు త్రాగినవారికి వచ్చు పాలజబ్బు అని అచ్చటివారనెడి వ్యాధి అది. దాని కారణము ఆనాటి వైద్యుల కంతుపట్టలేదు. శవపేటికను తామసే చెక్కెను. మరుసటి సంవత్సరము డిసెంబరులో ఆయన సారా బుష్ జాన్‌స్టన్ అను వితంతువును పెండ్లాడి తెచ్చెను. ఆమెకు చదువు రాదు. కాని సవతికుమారుని చదువుపై ఆమె చూపిన ఆదరము ఆ యింటికి వెలుగైనది.

లింకను బడిచదువు కెంటకీలో జకరయ్య రైనీ, కేలబ్ హేజెల్ అనువారియొద్ద కొన్ని వారములు, ఇండియానాలో మరి ముగ్గురు ఉపాధ్యాయులయొద్ద విడివిడిగ కొన్ని మాసములు సాగెను. అన్నియు కలిపినను ఒక సంవత్సరమునకు లోపేయని ఆయనయే లెక్కకట్టెను. పొలమున పనిలేని చలికాలముననే బడి. విత్తు దినములు రాగానే పిల్లవాడు చేనికి తిరిగిపోవలసినదే. చదువుట, వ్రాయుట, త్రైరాశికమువరకు గణితము, ఇంతకుమించి ఉపాధ్యాయునినుండి కోరుట లేదు. ఆర్యభటీయమున సూత్రింపబడి లీలావతియందు విస్తరింపబడిన త్రైరాశికము ప్రాచ్యమునుండి యూరపునకు వ్యాపించి, వ్యాపారుల గణితముగ మారి, తుదకు ఇండియానా అడవిలోని కొయ్యబడిని చేరెను. లింకను స్వహస్తమున వ్రాసిన లెక్కల పుస్తకపు పత్రములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. వానియందు త్రైరాశికపు లెక్కలును కలవు.

ఆ బడులలో శిష్యులందరు ఎలుగెత్తి చదువవలెను. సద్దణగినచో చదువు సాగుట లేదని గురువు తలచును. తెలుగునాట వీధిబడుల వల్లెవేయు పద్ధతికిది మిక్కిలి చేరువ. ఈ యలవాటు లింకనును జీవితాంతము విడువలేదు. న్యాయవాదియైన పిమ్మటగూడ వార్తాపత్రికను పైకి చదువుచుండగా తోటి న్యాయవాది హెర్న్‌డన్ విసిగికొనెడివాడు. కన్నును చెవియు రెండును పట్టిన విషయము మనస్సున బాగుగ నిలుచునని లింకను సమాధానము. శ్రవణమునకు విద్యయందు గల స్థానము నెరిగినవారికి ఈ మాట క్రొత్తకాదు.

ఆయన పఠనపద్ధతిని 1865లో వృద్ధురాలగు సవతితల్లి హెర్న్‌డన్‌కు వివరించెను. నచ్చిన వాక్యము కనబడినప్పుడు కాగితము లేనిచో దానిని చెక్కపై వ్రాసికొనెడివాడు. కాగితము దొరకువరకు దానిని కాపాడి, పిదప కాగితమున కెక్కించి, మరల చూచి, మరల వల్లించెడివాడు. లెక్కలును చెక్కపైననే. చెక్క నల్లబడినప్పుడు చిత్రికపట్టి తెల్లజేసి తిరిగి వ్రాసెడివాడు. పెద్దల సంభాషణలో అర్థముకాని మాట వినబడినచో దానిని తెలిసికొనువరకు అతనికి స్థిమితముండెడిది కాదు. బైబిలు, ఈసపు కథలు, రాబిన్‌సన్ క్రూసో మొదలగు కొలది పుస్తకములనే అతడు పలుమారు చదివెను. పొరుగువాని యొద్ద ఎరవు తెచ్చిన వాషింగ్టన్ జీవితచరిత్రము వానకు తడిసిపోగా, వెల యిచ్చుకొనలేక, అతని చేలో మూడు దినములు పశువుల మేత కోసి ఋణము తీర్చెనని ప్రసిద్ధి. ఆ పుస్తకము తన బాల్యముపై చూపిన ప్రభావమును 1861లో అధ్యక్షపదవి స్వీకరింపబోవుచు ఆయన సభాముఖమున స్మరించెను.

తండ్రి పక్షము

ఇట్టి బాలునికి తండ్రియే ప్రతిబంధకమయ్యెనని చరిత్రకారులు పెక్కుమంది వ్రాసియున్నారు. సాక్ష్యములు రెండు విధములుగ నున్నవి. పని విడిచి పుస్తకము పట్టినందులకు తామస్ కుమారుని అప్పుడప్పుడు కొట్టెడివాడని, ఆ యింటనే పెరిగిన బంధువు డెన్నిస్ హాంక్సు చెప్పెను. సాధ్యమైనంతవరకు భర్త కుమారుని చదువు నాపి పనికి పిలిచెడివాడు కాడని సవతితల్లి చెప్పెను. ఇవి పరస్పరవిరుద్ధములుగ తోచును. కాని సాధ్యమైనంతవరకు అను నియమమును గుర్తించినచో రెండింటికిని సమన్వయము కుదురును. పొలమున పని నిలిచిపోవుటకు వీలులేని దినములే సంవత్సరమున నెక్కువ. ఆ దినములలో పుస్తకము నేరమయ్యెను. తీరికయున్న దినములలో అదియే అభిమానపాత్రమయ్యెను.

తామసును అర్థము చేసికొనుటకు అతని బాల్యమును చూడవలెను. అతని తండ్రి 1786లో కెంటకీ పొలమున పనిచేయుచుండగా ఆదివాసుల దాడిలో కుమారుల కన్నులయెదుటనే హతుడయ్యెను. ఆస్తి జ్యేష్ఠుని చేరెను. తామస్ చిన్ననాటినుండి ఊరూర కూలి చేసికొని పెరిగెను. అతనికి బడి యననేమో తెలియదు. కండబలము తనను బ్రదికించెను. పత్రములు తనను ముంచెను. అట్టివానికి కుమారుని గ్రంథాసక్తి వింతగ తోచుటలో ఆశ్చర్యము లేదు. అయినను ఉన్నంతలో పిల్లలను బడికి పంపినవాడతడే.

ఇరువదియొకటవ యేడు నిండువరకు కుమారుని శ్రమఫలము తండ్రిదేయని ఆనాటి ధర్మము. ఇంటి పని లేనప్పుడు తామస్ కుమారుని పొరుగు పొలములకు కూలికి పంపి, వచ్చిన డబ్బు తాను గైకొనెను. బలిష్ఠుడగుటచే లింకనుకు కూలి దొరకుట సులభము. అదియే అతని చదువునకు కీడయ్యెను. నాగలిసాలు చివర గుర్రము నిలిచినప్పుడు పుస్తకము తెరచుటచే అతనికి సోమరి యను పేరు వచ్చెను. పనిచేయుట నేర్పిన తండ్రి పనిని ప్రేమించుట నేర్పలేదని అతడు హాస్యమాడెడివాడని ఒక పొరుగువాడు చెప్పెను. హాస్యమైనను అందు వేదన కలదు. తాను పొందని ఫలమునకై శ్రమించుట యెట్లుండునో అనుభవమున నెరిగినవాడు, ఒకడు శ్రమింపగా మరియొకడు భుజించు బానిసవ్యవస్థను తరువాత అంత తీవ్రముగ ఖండించుట సహజమే.

స్వాధ్యాయకాలము

1830 మార్చిలో కుటుంబము ఇల్లినాయి రాష్ట్రమునకు తరలెను. అచ్చట తండ్రి పొలమునకు కంచెదుంగలు చీల్చియిచ్చి, మరుసటి సంవత్సరము లింకను ఇల్లు విడిచి న్యూసేలమ్ గ్రామము చేరెను. ఆగమకాలము, స్వాధ్యాయకాలము, ప్రవచనకాలము, వ్యవహారకాలము అని విద్యోపయోగమునకు మహాభాష్యకారుడు నాలుగు దశలను చెప్పియున్నాడు. లింకనుకు గురువునుండి గ్రహించు ఆగమకాలము సంవత్సరమునకు లోపు. అతని విద్యాసౌధమంతయు స్వాధ్యాయకాలమునందే లేచినది.

ఆ స్వాధ్యాయము వ్యాకరణముతో మొదలగుట శాస్త్రపాఠకులకు ప్రీతికరము. ఇరువదిమూడేండ్లు దాటిన యువకుడు, సొంతభాషను శుద్ధముగ వ్రాయుటకై, కర్‌కం రచించిన ఆంగ్లవ్యాకరణమును తెచ్చుకొని బాలునివలె వల్లించెను. 1832 మార్చిలో శాసనసభకు నిలిచి ఓటర్లకు చేసిన తొలి విజ్ఞప్తిలోనే, ప్రజలు చేపట్టదగిన కార్యములలో విద్య మిక్కిలి ముఖ్యమైనదని ప్రకటించెను. ఆ యెన్నికలో ఓడి, 1834లో గెలిచెను. అంగడి పెట్టి నష్టపడెను, తపాలాధికారిగ నుండెను. పిదప భూమి కొలుచు ఉద్యోగము లభింపగా, గిబ్సన్, ఫ్లింట్ అనువారి గ్రంథములను స్వయముగ చదివి ఆ విద్యను సాధించెను. హద్దులు తప్పుటచే నేల గోల్పోయిన వాని కుమారుడు గొలుసు పట్టి ఇతరుల పొలములకు హద్దులు నిర్ణయించెను. తరువాత జాన్ స్టూవర్ట్ అను న్యాయవాది యొద్ద గ్రంథములు ఎరవు తెచ్చి న్యాయశాస్త్రమును ఒంటరిగ చదివి, 1836 సెప్టెంబరులో న్యాయవాద పట్టా పొందెను. హక్కుపత్రముల లోకమునుండి తండ్రిని వెలివేసిన విద్యలు రెండింటిని కుమారుడు ఇట్లు స్వాధీనపరచుకొనెను. ప్రతినిధిసభ సభ్యత్వము ముగిసిన తరువాత, నలుబదవ యేట, యూక్లిడు రేఖాగణితములోని ఆరు స్కంధములను పట్టుదలతో అధ్యయనము చేసెను. తన విద్యాలోపమును ఆయన ఎన్నడును దాచలేదు. స్వీయచరిత్రయందు ఆ లోపమునకు విచారము తెలుపుచు, దానిని పూడ్చుకొనుటకు చేసిన యత్నమును సూటిగ చెప్పుకొనెను.

తండ్రికొడుకుల యెడబాటు మాత్రము మానలేదు. 1841లో లింకను 200 డాలర్లిచ్చి తండ్రి పొలములో 40 ఎకరములు కొని, తలిదండ్రులు జీవించునంతకాలము వారే అనుభవించునట్లు వ్రాసియిచ్చెను. కాని 1851 జనవరి 17న తామస్ మరణించినప్పుడు కడసారి చూపునకుగాని అంత్యక్రియలకుగాని పోలేదు. భార్య బాలింతరాలై అస్వస్థగ నుండుట ఒక కారణముగ వ్రాసెను. కారణ మదియొక్కటియే కాదని ఆ లేఖయే తెలుపుచున్నది. పది సంవత్సరముల తరువాత, అధ్యక్షుడై రాజధానికి పోవుటకు ముందు, సవతితల్లిని చూడబోయి తండ్రి సమాధిని దర్శించెను.

కర్షకుని ఋణము

1859 సెప్టెంబరు 30న మిల్వాకీ నగరమున విస్కాన్సిన్ వ్యవసాయసంఘము జరిపిన ప్రదర్శనయందు లింకను చేసిన ప్రసంగము ఆయన బాల్యమునకు భాష్యమనదగినది. శ్రమించువానికి చదువు వ్యర్థము, పైపెచ్చు ప్రమాదకరము అను వాదము ఆనాడు బానిసయజమానుల పక్షమున ప్రబలియుండెను. అట్లయినచో కండ్లు లేని గుర్రమే ఉత్తమశ్రామికుడగునని లింకను పరిహసించెను. ప్రతి మనుష్యునికి తలయు చేతులును కలిసియే యుండుటచే ఆ చేతులను నడపవలసినది ఆ తలయే యనియు, సేద్యమునకు మించి విద్యతో పొత్తు కుదురు వృత్తి లేదనియు ప్రతిపాదించెను. మొలక, మన్ను, వాన, తెగులు అన్నియు పరిశీలకునికి శాస్త్రములే. ఎక్కువ నేలను అరకొరగ దున్నుటకంటె కొద్ది నేలను నిండుగ సాగుచేయుట మేలని హితవు చెప్పెను. తండ్రి పొలమున పుస్తకమునకును నాగలికిని నడిచిన వైరము అకారణమని ఆయన తేల్చిన సిద్ధాంతమిది.

సిద్ధాంతము శాసనమగుటకు అవకాశము అంతర్యుద్ధకాలమున వచ్చెను. 1862 మే 15న వ్యవసాయశాఖను ఏర్పరచు శాసనముపైనను, మే 20న హోంస్టెడ్ శాసనముపైనను, జూలై 2న మారిల్ శాసనముపైనను లింకను సంతకము చేసెను. రెండవదాని ప్రకారము అయిదేండ్లు కాపురముండి సాగుచేసినవానికి, స్వల్ప రుసుము తప్ప వెల లేకయే 160 ఎకరములు లభించును. తామస్ లింకను వెల తీర్పలేకపోయిన విస్తీర్ణము సరిగా అంతయే. మూడవదానిచే, ఒక్కొక్క రాష్ట్రమునకు దాని సెనేటరు, ప్రతినిధి ఒక్కొక్కరికి 30,000 ఎకరముల చొప్పున భూమి నిచ్చి, ఆ ధనముతో వ్యవసాయ యంత్రవిద్యలను ప్రధానముగ బోధించు కళాశాలలను నెలకొల్పుట విధింపబడెను. ఈ శాసనమునకు కర్త వెర్మాంటు ప్రతినిధి మారిల్. ఇట్టి బిల్లునే 1859లో అధ్యక్షుడు బుకానన్ నిరాకరించియుండెను. నిరాకరింపబడినదానికి అంగీకార మిచ్చిన చేయి గొడ్డలి పట్టిన చేయి యగుట విశేషము.

ఈ కథకు మరియొక పార్శ్వము కలదు. అట్లు పంచిన భూములు ఆదివాసిజాతులనుండి ఒడంబడికల మిషతోను బలాత్కారముతోను గ్రహింపబడినవి. దక్షిణరాష్ట్రములలో పెక్కింట బానిసలకు అక్షరము నేర్పుట నేరము. లింకనుకు కరవైనది బడి. వారికి నిషిద్ధమైనది అక్షరమే. 1863 జనవరి 1 నాటి విమోచనప్రకటన ఆ నిషేధపు మూలమును కదల్చినను, నల్లవారికి ఈ కళాశాలల ఫలము కొంతవరకైన అందుటకు 1890లో రెండవ మారిల్ శాసనము రావలసివచ్చెను. దానిని చూచుటకు లింకను లేడు. 1865 ఏప్రిల్ 14 రాత్రి తుపాకిగుండు తగిలి, మరునాటి యుదయమున ఆయన కన్ను మూసెను.

మారిల్ శాసనఫలముగ 1863లో ఏర్పడిన విద్యాలయములలో కాన్సస్ రాష్ట్రమునందలిది యొకటి. నూరేండ్ల తరువాత, 1964 జూన్ 12న హైదరాబాదునందు ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము నెలకొన్నప్పుడు దాని నిర్మాణమునకు తోడ్పడినది ఆ కాన్సస్ విశ్వవిద్యాలయమే. 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పొందిన ఆ సంస్థనుండి, 2014 రాష్ట్రవిభజన పిమ్మట తెలంగాణకు ఆచార్య జయశంకర్ పేర వేరొక విశ్వవిద్యాలయ మేర్పడెను. పొలమునుండి చదువునకు వచ్చిన తెలుగుబిడ్డలు ఎందరో ఆ తరగతులలో కూర్చుండిరి.

నాట్లకాలమున బడికి రాని విద్యార్థి నేటికిని కలడు. అతని పేరునకెదురుగ గైర్హాజరు వ్రాయు ఉపాధ్యాయునికి, ఆ దినమున అతడెచ్చట నున్నాడో తెలియుట అవసరము. లింకను చరిత్రము విద్యార్థులకంటె ముందు ఉపాధ్యాయులు చదువవలసినది.